ఎంబీఎస్ఆర్‌ని మన సీమలో నడపాలంటే తెలుగు ఆడియో ఒక్కటి చాలదు

మీరు అడిగింది నాకర్థమైనంతవరకు ఇది. ఇంగ్లీషులో 8 వారాల ఎంబీఎస్ఆర్ కోర్సు (మైండ్‌ఫుల్‌నెస్, అంటే ఇప్పుడు జరుగుతున్నదాన్ని ఉన్నట్టు గమనించడం ద్వారా ఒత్తిడి తగ్గించుకునే కోర్సు) ఆన్‌లైన్‌లో చేశారు, మీకు బాగా పనిచేసింది, ఇప్పుడు అనంతపురంలో మీ క్లినిక్‌కొచ్చే బీపీ, షుగర్ వాళ్లకీ, పక్కనున్న పొదుపు సంఘం ఆడవాళ్లకీ అదే నేర్పించాలని ఉంది. ఆడియోలు తెలుగులోకి మార్చి, మొదటి క్లాసులో మెల్లగా తినిపించే కిస్‌మిస్ బదులు శెనక్కాయ పెట్టి, మొదట్లో ఓంకారం, చివర్లో శాంతి మంత్రం కలిపితే మనవాళ్లకి దగ్గరగా ఉంటుంది కదా అంటున్నారు. నేను కర్నూల్లో కౌన్సెలింగ్ చేస్తాను, చాలా ఏళ్లుగా ఇట్లాంటి గ్రూపులు నడుపుతున్నా, కడపలో, నంద్యాల వైపు కూడా చేశాను, ఆ అనుభవంతో చెప్తున్నా. తెలుగు ఆడియో కావాలి కానీ అది మొదటి పని కాదు. శెనక్కాయ సంగతి కింద చెప్తా, అది మీరనుకున్నంత తేలిక కాదు. ఓంకారం మాత్రం వద్దు. ముందు చూసుకోవాల్సింది టైము, చోటు, కూర్చునే తీరు, ఎవరు నేర్పుతున్నారనేది, ఇంకా ప్రాక్టీస్ అయ్యాక మీరు వాళ్లతో ఎట్ల మాట్లాడతారనేది. చివరిదాని మీదే నాకు పట్టింపు ఎక్కువ.

ముందు అసలు కోర్సు ఎక్కడ పుట్టిందో గుర్తుచేసుకుందాం, ఏది మార్చొచ్చో ఏది మార్చకూడదో అక్కడే తెలుస్తుంది. 1979లో జాన్ కబాట్ జిన్ అమెరికాలో మసాచుసెట్స్ యూనివర్సిటీ మెడికల్ స్కూల్లో, వూస్టర్ అనే ఊర్లో మొదలుపెట్టాడు. ఆయన చదివింది మాలిక్యులర్ బయాలజీ, ధ్యానం నేర్చుకుంది జెన్, విపాసన అనే బౌద్ధ పద్ధతుల్లో, దానికి హఠయోగం కలిపాడు. డాక్టర్లు ఇంక మేం చేయగలిగింది పెద్దగా లేదు అని వదిలేసిన దీర్ఘకాలం నొప్పుల పేషెంట్లు ఆయన దగ్గరికి వచ్చేవాళ్లు. వారానికోసారి రెండున్నర గంటల క్లాసు, 8 వారాలు, మధ్యలో ఒక రోజంతా మౌనంగా ప్రాక్టీస్, ఇంట్లో రోజుకి 45 నిమిషాలు వారానికి 6 రోజులు. బాడీ స్కాన్ (పడుకుని ఒంట్లో ఒక్కో భాగం మీదకి మనసు తీసుకుపోవడం), కూర్చుని ధ్యానం, నడుస్తా ధ్యానం, మెల్లగా చేసే యోగా. అమెరికా ఆస్పత్రి ఒప్పుకోవాలి కాబట్టి బుద్ధుడి పేరు, పాళీ మాటలు, దండాలు అన్నీ తీసేశాడు. అంటే మనం ఒరిజినల్ అనుకునేదే ఆ దేశానికి తగ్గట్టు మార్చుకున్నది. మళ్లీ 90లలో అదే వూస్టర్‌లో పేదవాళ్లు ఉండే ప్రాంతంలో ఒక క్లినిక్ పెట్టినప్పుడు ఇంగ్లీషుతో పాటు స్పానిష్‌లో క్లాసులు పెట్టారు, ఫీజు లేదు, రావడానికి బండి ఏర్పాటు చేశారు, పిల్లల్ని చూసుకోడానికి మనుషుల్ని పెట్టారు. నాకు ఈ విషయం చాలా ఇష్టం. స్పానిష్ ఆడియో ఒక్కటి చేసి ఊరుకోలేదు వాళ్లు, చంకలో బిడ్డనెత్తుకున్న తల్లి క్లాసుకి ఎట్ల వస్తుంది అని ఆలోచించారు.

పనిచేస్తుందా అని మీ డాక్టర్ అడిగితే చెప్పడానికి నాలుగు మాటలు. 2014లో జామా ఇంటర్నల్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో వచ్చిన రివ్యూ ధ్యానం మీద చేసిన 47 ట్రయల్స్, 3,515 మందిని చూసి ఆందోళన, డిప్రెషన్, నొప్పి కొంత తగ్గుతాయి అంది, అయితే మందులకన్నా వ్యాయామంకన్నా మేలు అని చెప్పడానికి ఆధారం లేదు అని కూడా అంది. 2016లో నడుం నొప్పి ఉన్న 342 మంది మీద చేసిన ట్రయల్లో మామూలు వైద్యం కన్నా మేలుగా కనిపించింది. 2022లో ఆందోళన జబ్బులున్న 276 మందిని రెండు గుంపులు చేసి ఒక గుంపుకి ఎస్సిటలోప్రామ్ అనే ఆందోళన తగ్గించే మాత్ర, ఇంకో గుంపుకి ఎంబీఎస్ఆర్ ఇస్తే 8 వారాలకి దాదాపు సమానంగా తగ్గింది. ఇవి ఎక్కువగా అమెరికాలో, బాగా చదువుకున్నవాళ్ల మీద చేసినవి, కాబట్టి మన దగ్గర అచ్చం అంతే ఫలితం వస్తుందని మాట ఇవ్వకండి, మందులు మానేయొచ్చని అసలే అనకండి.

ఇప్పుడు ఓంకారం సంగతి. ఇది మన దేశం నుంచి పోయిందే కదా, మనం వెనక్కి తెచ్చుకుంటున్నాం అంతే అని చాలామంది అంటారు, అందులో నిజముంది. పత్తికొండ దగ్గర ఎర్రగుడిలో అశోకుడి శాసనాలు ఇప్పటికీ బండల మీద ఉన్నాయి, నాగార్జునసాగర్లో విపాసన సెంటర్ ఉంది. కానీ ఇక్కడ క్లాసుకొచ్చే మనిషికి ఈ చరిత్రతో పని లేదు, ధ్యానం అనగానే ఆ మనిషి మనసులో వచ్చే బొమ్మతో మనకు పని. టీవీలో స్వామి కండ్లు మూసుకుని కూర్చున్నది, మనసులో ఒక్క ఆలోచన కూడా రాకూడదన్నది, వస్తే నాకు ఏకాగ్రత లేదు నాకు ఇది రాదు అనుకోవడం. అమెరికాలో టీచరు ఇది వింత పనేం కాదు అని నమ్మించాల్సి వచ్చింది, మన దగ్గర ధ్యానం మాకు తెలుసులే అనేవాళ్ల దగ్గర మొదలుపెట్టాలి, అది ఇంకా కష్టం. మీరు ఓంకారం పెట్టారనుకోండి, ఆ పాత బొమ్మే గట్టిపడుతుంది, మిమ్మల్ని గురువును చేస్తారు, ఇంక ఎవరూ మీకు నాకు విసుగొచ్చింది అని చెప్పరు.

రెండోది, మన ఊర్లు ఎట్లుంటాయో మీకు తెలుసు. కర్నూలు పాతబస్తీలో, కడపలో గ్రూపు పెడితే ఉర్దూ మాట్లాడే ఆడవాళ్లు ఉంటారు, చర్చికి పోయేవాళ్లు ఉంటారు. మనవాళ్లు గూగూడు కుళ్లాయిస్వామి పీర్ల పండక్కి అందరూ పోతారు, కడప పెద్ద దర్గాకి అందరూ పోతారు, అది వాళ్లంతట వాళ్లు, వాళ్ల నమ్మకంతో పోయేది. ఆస్పత్రి గదిలో షుగర్ తగ్గాలని వచ్చిన మనిషి చేత మంత్రం అనిపించడం వేరే సంగతి, వద్దని చెప్పే ధైర్యం చాలామందికి ఉండదు, మర్నాడు రావడం మానేస్తారు అంతే. ఒకసారి ఒకామె బుర్ఖాలో వచ్చి గడప దగ్గరే నిలబడి "ఇది పూజనా మేడం?" అని అడిగింది. కాదమ్మా, ఊపిరి ఎట్ల లోపలికి పోతోంది ఎట్ల బయటికొస్తోంది అని చూసుకుంటాం, దేవుడి పేరు ఏదీ రాదు, కండ్లు తెరిచే కూర్చోవచ్చు, నమాజ్ టైముకి లేచి పోవచ్చు అని చెప్పాను. కూర్చుంది. 3వ వారంలో ఆమే అందరికీ చెప్పింది, తస్బీ (జపమాల) తిప్పేటప్పుడు చెయ్యి తిరుగుతా ఉంటే మనసు వంటింట్లో ఉంటాది, ఇప్పుడు అది తెలుస్తా ఉంది అని. పక్కనున్న ముసలామె రామకోటి రాసేటప్పుడు నాకూ అంతే అంది. ఇట్ల ఎవరిది వాళ్లు కలుపుకుంటే రానియ్యండి, బాగుంటుంది. మీరు మాత్రం పైనుంచి కలపొద్దు.

ఇంక ఎవరిని పిలవాలి, ఏమని పిలవాలి. స్ట్రెస్ తగ్గించే క్లాసు అని బోర్డు పెడితే మన దగ్గర టీచర్లు, బ్యాంకు వాళ్లు వస్తారు. పొలం పనికి పోయేవాళ్లు, బండల ఫ్యాక్టరీ వాళ్లు రారు, వాళ్లకి ఉన్నది తల బరువు, గుండెలో మంట, గ్యాస్, కాళ్లు లాగడం, రాత్రి రెండింటికి మెలకువొచ్చి మళ్లీ నిద్ర పట్టకపోవడం. కాబట్టి నిద్ర, బీపీ, ఒళ్లు నొప్పుల క్లాసు అనే చెప్పండి, అది అబద్ధం కాదు, కోర్సు పుట్టిందే నొప్పుల కోసం. జింబాబ్వేలో ఫ్రెండ్‌షిప్ బెంచ్ అని ఒకటి ఉంది, డిక్సన్ చిబాండా అనే సైకియాట్రిస్ట్ 2006లో మొదలుపెట్టాడు. ఆస్పత్రి ఆవరణలో ఒక బెంచీ, దాని మీద ట్రైనింగ్ ఇచ్చిన అవ్వలు కూర్చుని వచ్చినవాళ్లతో మాట్లాడతారు, జబ్బు పేర్లు వాడరు, వాళ్ల ఊర్లో జనం ఆ బాధను ఎట్ల చెప్పుకుంటారో అట్లనే మాట్లాడతారు. అది మైండ్‌ఫుల్‌నెస్ కాదు, సమస్యను ముక్కలు చేసి పరిష్కరించుకునే పద్ధతి, కానీ 2016లో దాని ట్రయల్ ఫలితం చూస్తే మనకి ఒకటి తెలుస్తుంది, ఊర్లో మాట చెల్లే మామూలు మనిషికి సరిగ్గా నేర్పిస్తే డిగ్రీ లేకపోయినా ఆ మనిషి జనం బాధ తగ్గించగలదు. మీ దగ్గర సంఘం యానిమేటర్ ఉంటుంది, ఆశా అక్క ఉంటుంది. వాళ్లను మనుషుల్ని పోగుచేసే పనికి మాత్రమే వాడుకోకండి, ముందు 8 వారాలు వాళ్లే చేయనీయండి, తర్వాత మీ పక్కన కూర్చోబెట్టుకోండి.

టైము దగ్గర చాలా కోర్సులు పడిపోతాయి. తెల్లారి 5కి లేచి, నీళ్లు వచ్చే రోజు బిందెలు పట్టుకుని, పిల్లలకి బాక్సు కట్టి, కూలికి పోయే మనిషిని ఇంట్లో 45 నిమిషాలు ఒక మూల పడుకొమ్మంటే అత్త ఊరుకోదు, ఆ మనిషి మనసే ఊరుకోదు. నేను 15 నిమిషాలు రెండుసార్లు పెడతా, ఇంకా ఒకటి రెండు చేసే పనిలోనే పెడతా, రొట్టె తట్టేటప్పుడు అరచేతులు, బిందె మోసుకొచ్చేటప్పుడు అరికాళ్లు, ఇట్ల. కానీ దీన్ని పూర్తి ఎంబీఎస్ఆర్ అని పిలవకండి, దాని ఆధారంగా తగ్గించి చేసిన కోర్సు అని నిజం చెప్పండి, ఎందుకంటే పైన చెప్పిన ట్రయల్స్ తగ్గించినదాని మీద చేసినవి కాదు. రోజంతా మౌనం మన దగ్గర కుదరదు, ఆదివారం పొద్దున 9 నుంచి 1 దాకా పెట్టుకుని అన్నం కలిసి తింటాం, తినడం కూడా అందులో భాగమే. తేదీలు సీజన్ చూసి పెట్టుకోండి, జూన్ జులైలో విత్తనం టైము, అక్టోబర్ నవంబర్లో కాయ పీకే టైము, అప్పుడు మీ హాల్లో ఈగలు కూడా ఉండవు. ఏప్రిల్ మేలో రేకుల షెడ్డులో అసలు వద్దు, 42 డిగ్రీల్లో బాడీ స్కాన్ చేస్తే చెమట తప్ప ఏం తెలియదు. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి మంచిది.

కూర్చునే తీరు చూద్దాం. 50 దాటిన ఆడవాళ్లలో మోకాళ్ల నొప్పి లేనివాళ్లు తక్కువ, కుర్చీలు పెట్టండి, ధ్యానమంటే కిందే కూర్చోవాలని వాళ్లే పట్టుబడతారు, మీరు కుర్చీలో కూర్చుంటే వాళ్లూ కూర్చుంటారు. బాడీ స్కాన్ పడుకుని చేయించాలంటే ఆడవాళ్ల గ్రూపు వేరేగా పెట్టండి, తలుపు వేయండి, అటెండర్‌ని బయట ఉంచండి, పైన కప్పుకోడానికి దుప్పట్లు పెట్టండి. మగవాళ్లున్న గదిలో చీర కట్టుకున్న మనిషి నిశ్చింతగా పడుకోలేదు, కొంగు సర్దుకోవడంతోనే సరిపోతుంది. ఇంగ్లీషు ఆడియోలో పొత్తికడుపు, కటి భాగం దగ్గర చాలాసేపు ఆపుతారు, మన దగ్గర నలభై దాటకముందే గర్భసంచి తీయించుకున్నవాళ్లు చాలామంది ఉంటారు, అక్కడికి రాగానే కొందరికి ఏడుపొస్తుంది. ఆ భాగం మొదటి వారాల్లో త్వరగా దాటించండి, ఎక్కడైనా కష్టంగా ఉంటే అరికాళ్లకి వచ్చేయొచ్చు అని ముందే చెప్పండి. కండ్లు మూసుకోవడం బలవంతం చేయకండి. పాత ఫ్యాక్షన్ ఊర్లలో మనిషిని పోగొట్టుకున్న ఇండ్లవాళ్లు కొందరు వీపు తలుపు వైపు పెట్టి కూర్చోలేరు, గోడకి ఆనుకుని తలుపు కనపడేట్టు కూర్చుంటే అప్పుడు ఊపిరి తీసుకుంటారు. ఇది మామూలు మాన్యువల్లో రాసి ఉండకపోవచ్చు, గదిలోకి రాగానే ఎవరు ఎక్కడ కూర్చున్నారో చూస్తే తెలుస్తుంది.

శెనక్కాయకొద్దాం. మొదటి క్లాసులో కిస్‌మిస్ ఒకటి చేతిలో పెట్టి, ఎప్పుడూ చూడనట్టు చూసి, వాసన చూసి, మెల్లగా తినమంటారు కదా. అనంతపురం పల్లెల్లో ఒక గ్రూపులో శెనక్కాయ ఇచ్చి చేయించాం. అందరూ తిప్పి తిప్పి చూస్తున్నారు. ఒకాయన ఒక్క క్షణం చూసి "ఇది బెట్టకొచ్చిన కాయ మేడం, పప్పు ఊరలా" అన్నాడు. వలిచాడు, పప్పు ముడతలుపడి ఉంది, ఆయన చెప్పిందే నిజం. తర్వాత నోట్లో పెట్టుకోలేదు, చేతిలోనే పట్టుకుని అట్లనే ఉండిపోయాడు. ఏమైందన్నా, ఏం గుర్తొచ్చింది అంటే "బోరు" అన్నాడు. వేసిన బోరులో నీళ్లు పడలేదు, దానికి తెచ్చిన అప్పు ఉంది, పైరు ఎండింది. మనూరి వస్తువు కదా దగ్గరగా ఉంటుందని పెడితే అది మరీ దగ్గరైపోయింది. రైతుకి శెనక్కాయ తినే వస్తువు కాదు, అది ఆ సంవత్సరం లెక్క. ఆ రోజు మాకు ఆ మాటే పాఠమైంది, గింజ చేతిలో ఉంటే మనసు ఎక్కడిదాకా పోయిందో గదిలో అందరూ చూశారు, ఆయన కూడా "ఇట్లనే మేడం, పొద్దస్తమానం" అన్నాడు. కానీ మొదటి గంటలో అంత బరువు మోయడానికి కొత్త టీచరుకి చేతకాకపోవచ్చు. సేద్యం లేనివాళ్లకి శెనక్కాయ పెట్టండి, పర్వాలేదు. సేద్యం చేసేవాళ్లకి నేను ఉసిరికాయ ముక్క ఇస్తా. షుగర్ వాళ్లకి ఇబ్బంది లేదు, ముందు పులుపు, వగరు, నోట్లో నీళ్లు ఊరడం, ముఖం ముడుచుకోవడం, ఆ తర్వాత గ్లాసు మంచినీళ్లు తాగితే అవి తియ్యగా ఉండడం. ఆ నీళ్ల తీపి దగ్గర అందరి ముఖాలూ మారతాయి, ఇంక ఏం వివరించే పని ఉండదు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. ఎంబీఎస్ఆర్లో ప్రాక్టీస్ అయ్యాక టీచరు ఏం గమనించారు అని అడిగి మాట్లాడతారు, సగం నేర్చుకోవడం అక్కడే జరుగుతుంది. మన దగ్గర ఈ ముక్క తేలిగ్గా చచ్చిపోతుంది, ఎందుకంటే మనవాళ్లు పెద్దవాళ్లకి, చదువుకున్నవాళ్లకి వినాలనిపించే మాటే చెప్తారు, మర్యాద అది. "ఎట్ల ఉన్నిందమ్మా?" అంటే వరసబెట్టి "బాగుండాది మేడం", "మనసు ప్రశాంతమైంది మేడం". ఆ మాట విని సంతోషపడి తర్వాతదానికి పోతే 8 వారాలు అట్లనే గడిచిపోతాయి. నంద్యాల వైపు గ్రూపులో బేతంచెర్ల బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసే ఒకామె ఉండేది, ఆమెతో మాట ఇట్ల సాగింది.

"అక్కా, నీకెట్ల ఉన్నింది?"

"బాగనే ఉన్నింది మేడం."

"కాళ్ల దగ్గరికి వచ్చినప్పుడు ఏం తెలిసింది?"

"ఏం తెలీలా." కొంచెంసేపు ఆగింది. "మోకాళ్ల కాడికి వచ్చేసరికి కోపమొచ్చింది. ఎందుకొచ్చిందో ఏమో."

"ఆ కోపం ఒంట్లో యాడ తెలిసింది?"

"ఇదో, ఈడ" అని దవడ పట్టుకుంది. "పండ్లు కొరుకుతా ఉండా."

"ఇప్పుడు?"

"ఇప్పుడు కొంచెం వదిలినట్టుండాది. నువ్వు అడిగినాక చూసుకుంటి."

అంతే. కోపం ఎందుకొచ్చింది, ఇంట్లో ఏం జరుగుతోంది అని నేను అడగలేదు. చూడండి, మేడం అని మొదలుపెట్టిన మనిషి చివరికి నువ్వు అంది, అప్పుడు నాకు ఇంక పర్వాలేదు అనిపించింది. ఆ తర్వాత పక్కనున్నవాళ్లు కూడా నిద్రపోయినా, పొయ్యి మీద పాలు గుర్తొచ్చినాయి, నడుం గుంజింది అని నిజాలు చెప్పడం మొదలుపెట్టారు. కాబట్టి ఎట్ల ఉంది అని అడగకండి, ఎవరికి నిద్రొచ్చింది, ఎవరికి విసుగొచ్చింది, ఎక్కడ నచ్చలేదు అని అడగండి, నచ్చలేదని చెప్పినవాళ్లకి మనస్ఫూర్తిగా థ్యాంక్స్ చెప్పండి. మీరు ఎత్తు కుర్చీలో, వాళ్లు చాప మీద అయితే ఇది జరగదు, అందరూ ఒకే ఎత్తులో గుండ్రంగా కూర్చోవాలి.

ఇంకో సంగతి, ఒకే ఊరి గ్రూపులో అందరూ చుట్టాలే. ఒకామె అత్త గురించి చెప్తే సాయంత్రానికి అత్తకి చేరుతుంది. అమెరికా పద్ధతిలో మనసులో ఉన్నది పంచుకోండి అంటే ఇక్కడ కొంప మునుగుతుంది. మా గ్రూపులో రూలు ఒకటే, ఇక్కడ మన ఒళ్లు, మన ఊపిరి, మనకొచ్చిన ఆలోచన గురించి మాట్లాడదాం, ఇంట్లో మనిషి పేరు ఎత్తొద్దు, అది చెప్పుకోవాలనుంటే క్లాసు అయ్యాక విడిగా నాతో చెప్పండి. ఎవరైనా బాధ చెప్తే మిగిలినవాళ్లు వెంటనే సలహాలు మొదలుపెడతారు, అన్నిటికీ దేవుడున్నాడులే అంటారు, ప్రేమతోనే అంటారు, దాన్ని మెల్లగా ఆపి, ముందు ఆమెను ముగించనిద్దాం అనాలి.

ఇక్కడొక ప్రమాదం ఉంది, దీన్ని గట్టిగా చెప్తున్నా. ఈ కోర్సులో ఉన్నదాన్ని ఉన్నట్టు చూడండి, దానితో కొట్లాడకండి అని చెప్తాం. పుట్టినప్పటినుంచి సర్దుకుపో, ఓర్చుకో, గడప దాటనీయకు అని విన్న ఆడమనిషికి ఈ మాట ఎట్ల వినిపిస్తుందో ఆలోచించండి. తాగొచ్చి కొట్టే మొగుడున్న మనిషి ఇంటికి పోయి ఊపిరి చూసుకుంటా దెబ్బలు తినడం మనం నేర్పకూడదు. నేను 2వ వారంలోనే సూటిగా చెప్తాను, ఒంట్లో వచ్చే మంటను, భయాన్ని ఉన్నట్టు చూడమంటున్నాను, మనిషి చేసే అన్యాయాన్ని భరించమనడం లేదు, భయం సరిగ్గా తెలిసినప్పుడే ఏం చేయాలో కూడా తెలుస్తుంది అని. మహిళా హెల్ప్‌లైన్ 181 నంబరు ప్రతి చీటీ మీద రాసి ఇస్తా, అందరికీ ఇస్తా, ఒక్కరికి విడిగా ఇస్తే అనుమానం వస్తుంది. అప్పుల రైతు సంగతీ అంతే, ఊపిరి చూసుకుంటే వడ్డీ తగ్గదు, రాత్రి నిద్ర కొంచెం పడితే పొద్దున బ్యాంకుకి పోయి మాట్లాడే ఓపిక వస్తుంది, అంతవరకే మాట ఇవ్వాలి.

గ్రూపులోకి తీసుకునే ముందు ఒక్కొక్కరితో విడిగా మాట్లాడండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగండి, అడిగితే ఆ ఆలోచన పుడుతుందనేది అపోహ. అట్లాంటివాళ్లకి, చెవుల్లో మాటలు వినిపించేవాళ్లకి, ఈమధ్యే ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్లకి, తాగుడు ఎక్కువున్నవాళ్లకి ముందు గవర్నమెంట్ ఆస్పత్రి సైకియాట్రీ ఓపీ, ఈ క్లాసు తర్వాత. మనసు బాధలకి గవర్నమెంట్ నడిపే ఫోన్ లైన్ టెలీ మానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు, డబ్బులుండవు. మీ షుగర్ వాళ్ల విషయంలో ఇంకోటి, ధ్యానం క్లాసంటే పరగడుపున రావాలనుకుంటారు, మాత్ర వేసుకుని లేదా ఇన్సులిన్ తీసుకుని ఏం తినకుండా వచ్చి కూర్చుంటే లో షుగర్‌తో చెమటలు పట్టి పడిపోయే ప్రమాదం ఉంది. తిని రండి అని ఫోన్ చేసి మరీ చెప్పండి, గదిలో చక్కెర, బిస్కెట్లు ఉంచుకోండి.

ఆడియో మాటకొస్తే, న్యూస్ చదివే తెలుగు వద్దు, అనువాదం చేయించిన స్క్రిప్టు కూడా వద్దు. ఒక గ్రూపుకి మీరు నోటితో చేయించండి, దాన్నే ఫోన్లో రికార్డ్ చేయండి, అందులో మీ మామూలు మాట ఉంటుంది, బయట ఆటో హారన్ ఉంటే కూడా ఉండనీయండి, వాళ్ల ఇంట్లోనూ అదే వినిపిస్తుంది. వాట్సాప్‌లో పంపితే చాలు, అయితే చాలా ఇండ్లలో ఫోను కొడుకు చేతిలో ఉంటుంది, రాత్రి పూటే దొరుకుతుంది, కాబట్టి ఆడియో లేకుండా చేసుకునేది కూడా ఒకటి నేర్పండి. ఉర్దూ వాళ్లకి వాళ్లలోనే ఒకామె చేత ఇంట్లో మాట్లాడే దక్కనీలో చెప్పించండి, తెలుగు నాకు అర్థమైతాదిలే అంటారు కానీ పడుకుని కండ్లు మూసుకున్నప్పుడు అమ్మ మాట్లాడిన మాటే లోపలికి పోతుంది.

చదువుకోవాలనుంటే ఒక చికిత్సను ఇంకో సంస్కృతికి తగ్గట్టు మార్చడానికి గిలెర్మో బెర్నాల్, ఆయన సహచరులు 1995లో ఇచ్చిన చట్రం ఉంది, భాష, మనుషులు, ఉపమానాలు, విషయం, భావనలు, లక్ష్యాలు, పద్ధతులు, పరిసరాలు అని 8 అంశాలు, లాటినోల (లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్ల) కోసం తయారుచేశారు. మీ ప్లాన్ పక్కన పెట్టుకుని ఒక్కో అంశం చూడండి, మీరు అడిగినవన్నీ భాషలోనూ విషయంలోనూ ఉన్నాయి, మనుషులు, లక్ష్యాలు, పరిసరాలు ఖాళీగా ఉన్నాయని మీకే కనిపిస్తుంది. ఫలితం కొలవడానికి కోహెన్ వాళ్ల 10 ప్రశ్నల స్ట్రెస్ స్కేల్ వాడొచ్చు, కానీ కాగితం చేతికివ్వకండి, చదివి వినిపించి జవాబు రాసుకోండి, దాంతోపాటు వారంలో ఎన్ని రాత్రులు నిద్ర పట్టింది అని అడగండి, ఆ లెక్క వాళ్లూ నమ్ముతారు మీరూ నమ్మొచ్చు. మధ్యలో మానేసినవాళ్ల ఇంటికి ఎవరినైనా పంపి ఎందుకు మానేశారో కనుక్కోండి, చివరిదాకా ఉన్నవాళ్లు బాగుందనే చెప్తారు, మార్చాల్సింది ఏంటో మానేసినవాళ్లకి తెలుస్తుంది.

మీరు రోజూ ప్రాక్టీస్ చేస్తున్నారా లేదా అనేది మీ ప్రశ్నలో లేదు. కోర్సు అయిపోయాక ఆపేసి ఉంటే మళ్లీ మొదలుపెట్టి కనీసం కొన్ని నెలలు చేశాకే గ్రూపు తీసుకోండి, ఎవరైనా ఏడ్చినప్పుడు, కోపంగా లేచిపోయినప్పుడు మీరు గాబరాపడకుండా ఉండడానికి స్క్రిప్టు పనికిరాదు. ఒక పది మందితో, ఆడవాళ్ల గ్రూపుతో, సంక్రాంతి అయ్యాక మొదలుపెట్టండి. మీ హాలు ఎక్కడ, అందులో ఫ్యాను కుర్చీలు ఉన్నాయా, ఉర్దూ మాట్లాడేవాళ్లు ఎందరు, ఇన్సులిన్ మీద ఎందరున్నారు అనేది రాయండి, మొదటి రెండు వారాలకి ఏమేం పెట్టాలో నేను వాడే కాగితం చూసి వివరంగా చెప్తాను.